వద్దనలేని జోళ్ళాయన

ఆ పేటలో ఆయన్ని అందరూ జోళ్ళాయన అనేవారు. బజారు మలుపులో ఉన్న చెప్పుల షాపులో పడుచుతనంలో చేరి, జుట్టు నెరిసి, నెరిసిన జుట్టు కూడా రాలిపోయాక బయటికి వచ్చాడు. మధ్య కాలమంతా పొట్టి పీట మీద కూర్చుని, వచ్చినవాళ్ళ పాదాలు ఒళ్ళో పెట్టుకుని జోళ్ళు తొడగడంతోనే సరిపోయింది. ఊళ్ళో చాలామందిని ఆయన మొహం చూసి కాదు, కాళ్ళు చూసి గుర్తుపట్టేవాడు. రోడ్డు మీద ఎవరైనా పలకరిస్తే ముందు కిందికి చూసి, తరవాత పైకి చూసి, "బాగున్నారా" అనేవాడు.

పనిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే, మొహమాటం. కొందరికి అది జలుబులాగా వచ్చి పోతుంది. ఆయనకు ఎముకల్లో ఉంది. ఇరుకు బూటులో కాలు కుక్కుకుని, పళ్ళు బిగబట్టి, "సరిపోయినట్టేనా?" అని ఎవరైనా అడిగితే, "మీ కొలతకే కుట్టినట్టుందండి" అనేవాడు. ఆ మనిషి కుంటుకుంటూ వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఆ రోజు అన్నం సరిగా తినేవాడు కాదు. ఒక సంవత్సరం షాపు యజమాని ముచ్చటపడి ఆయనకే ఒక జత బూట్లు బహుమతి ఇచ్చాడు. అవి ఒక సైజు పెద్దవి. ఆ మాట యజమానితో అనడానికి నోరు రాలేదు. "అతికినట్టున్నాయండి" అన్నాడు. ఆ మాట పట్టుకుని యజమాని ఏటేటా అదే సైజు ఇస్తూ పోయాడు. అలా ఆయన బతుకంతా చెప్పుల షాపులో ఉండి కూడా వదులు బూట్లలోనే నడిచాడు. ముందు టపటపమని చప్పుడు వచ్చేది, దాని వెనక ఆయన వచ్చేవాడు.

భార్య ఉన్నన్నాళ్ళూ ఫరవాలేదు. "వద్దు" అనే మాట ఆ ఇంట్లో ఆవిడ సొత్తు. గుమ్మంలోకి ఎవడైనా సామాను అమ్మడానికి వస్తే ఆయన వాణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, లోపలికి వెళ్ళి, "ఏమేవ్, ఒక్కసారి ఇలా రా" అనేవాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి ఒక్క మాట అనేది. వాడు వెళ్ళిపోయేవాడు. పిల్లలు లేరు. ఆవిడ పోయాక ఆ ఒక్క మాట అనేవాళ్ళు ఇంట్లో లేకుండా పోయారు. ఏడాది తిరక్కుండా, బేకరీ పైన ఆయన ఉండే రెండు గదుల్లోకి నాలుగు ప్రెషర్ కుక్కర్లు, రెండు మడత మంచాలు, గుర్రమెక్కినట్టు ఎక్కి తొక్కే వ్యాయామ యంత్రం ఒకటీ వచ్చి చేరాయి. ఆయన మటుకు పాత గిన్నెలోనే వండుకునేవాడు.

ఇలా ఉండగా చర్చికి కొత్త ఫాదర్ గారు వచ్చారు. గుండ్రంగా, హుషారుగా ఉండే మనిషి. ఆ విచారణలో, అంటే ఆ చర్చి కిందికి వచ్చే పేటల్లో, నాలుగు చిన్న సమూహాలు ఉండేవి. వారానికోసారి ఎవరో ఒకరింట్లో కూడి, సువార్త చదువుకుని, జపమాల చెప్పుకుని, టీ తాగి ఇళ్ళకు పోయేవారు. ఒక ఆదివారం పూజలో ఫాదర్ గారు ఆ టీ దగ్గరే పట్టుకున్నారు. విశ్వాసానికి నోరొక్కటే ఉంటే చాలదనీ, చేతులూ కాళ్ళూ కూడా ఉండాలనీ అన్నారు. ఒక్కో సమూహం కష్టంలో ఉన్న ఒక్కో ఇల్లు చూసుకోవాలనీ, అలా అని డప్పు కొట్టుకోకూడదనీ, కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదనీ, నెలాఖరున అందరూ హాల్లో కూర్చుని పేర్లు చెప్పకుండా అనుభవాలు చెప్పుకోవాలనీ చెప్పారు. మంచి మాటే. కాని ఆ గుట్టే కొంప ముంచింది.

ఎందుకంటే సరిగ్గా అప్పుడే నాలుగు సమూహాల పెద్దలూ, కష్టంలో ఉన్న మనిషి ఎవరా అని తలలు తిప్పి వెనక్కి చూశారు. చివరి బల్ల మీద, పక్కన ఎవరూ లేకుండా, జోళ్ళాయన కూర్చుని ఉన్నాడు. ఆ వారం కళ్ళు మండుతున్నాయని డాక్టరు చుక్కలమందు ఇచ్చాడు. అది వేసుకుని వచ్చాడేమో, రెండు చెంపల మీదా నీళ్ళు ధారగా కారుతున్నాయి.

సోమవారం దర్జీ అక్క వచ్చింది. చర్చి పక్క సందులో కుట్టుమిషన్ల షాపు ఆవిడది. ఆవిడ ప్రశ్న అడిగితే అందులోనే జవాబు కూడా కుట్టేసి ఉంటుంది. ఆమె తన సమూహంతో గుమ్మంలోకి రాగానే జోళ్ళాయన కుర్చీలోంచి లేవబోయాడు. బూటు ఒకటి జారిపోయింది, తూలాడు.

"మోకాళ్ళే కదా అన్నయ్యా?" అంది.

అంత ఆశగా అడిగిన మనిషితో కాదని ఎలా అంటాడు? "కొంచెం" అన్నాడు.

ఇక చూడండి. నూనె వేడిచేసి రెండు మోకాళ్ళకీ పట్టించారు. మరుసటి వారానికి దర్జీ అక్క దూది కూరి, పువ్వుల గుడ్డతో మోకాళ్ళకు తొడుగులు కుట్టుకొచ్చింది. అవి వేసుకుంటే కాళ్ళు వంగవు. దిండ్లు కట్టిన బల్లకోళ్ళలా ఉన్న కాళ్ళతో ఆయన గదిలో అటూ ఇటూ నడిచి చూపిస్తే అందరూ దేవునికి స్తోత్రం చెప్పుకున్నారు.

బుధవారం హెడ్మాస్టారి సమూహం వచ్చింది. రిటైరైనా ఆయన గొంతులో బడిగంట ఇంకా మోగుతూనే ఉంది. "నన్ను గుర్తుపట్టావా?" అని అడిగాడు. జోళ్ళాయన అలవాటు చొప్పున కిందికి చూశాడు. హెడ్మాస్టారు బూట్లు గుమ్మంలో విడిచి, మేజోళ్ళతో లోపలికి వచ్చాడు. ఆ మేజోళ్ళలోంచి పాదం పోల్చుకునేసరికి కాస్త ఆలస్యమైంది. హెడ్మాస్టారు తన వాళ్ళవైపు తిరిగి, కళ్ళతోనే 'మతిమరుపు' అని చెప్పాడు. ఆ రోజు నుంచి ఎక్కాలూ, దేశాల రాజధానులూ, ఇవాళ ఏ వారం అనే ప్రశ్నా మొదలయ్యాయి. మొదటిసారి జోళ్ళాయన అన్నీ సరిగ్గా చెప్పాడు. హెడ్మాస్టారి మొహం వాడిపోయింది. పాపం, ఇంత దూరం వచ్చిన మనిషి. రెండోసారి బుధవారాన్ని గురువారం అన్నాడు. హెడ్మాస్టారి మొహం దీపం పెట్టినట్టు వెలిగింది.

శుక్రవారం పాటల పిన్ని తన గాయకబృందంతో వచ్చింది. ఒంటరితనానికి పాటను మించిన మందు లేదని ఆవిడ గట్టి నమ్మకం. ఆ చిన్న గదిలో ఆయన కుర్చీ చుట్టూ నిలబడి, ఆయన చెవి పక్కనే నోరు పెట్టి పాడారు. ఒకతను చోటు చాలక వ్యాయామ యంత్రం ఎక్కి పాడాడు. ఎలా ఉందని అడిగితే జోళ్ళాయన "బాగుంది" అన్నాడు. అందుకని మళ్ళీ మొదటినుంచి పాడారు. కింద బేకరీ ఆయన మనిషిని పంపి, పైన ఎవరైనా పోయారా అని అడిగించాడు.

శనివారం పెయింటర్ వచ్చాడు. అతని సమూహం గోడలు చూసి జాలిపడింది. "ఏ రంగు వెయ్యమంటావు మామయ్యా?" అని అడిగాడు. "నీ ఇష్టం నాయనా" అన్నాడు జోళ్ళాయన. అనకూడని మాట అది. ఎవరో కట్టించుకుంటూ మధ్యలో మనసు మార్చుకున్న ఇంటి తాలూకు రంగు డబ్బాలు పెయింటర్ దగ్గర మిగిలి ఉన్నాయి. వంకాయ రంగు. గోడలకు వేశారు, తలుపులకు వేశారు, ఇంకా మిగిలితే పైకప్పుకు వేశారు. సాయంత్రం ఎండ పడితే ఆ గదిలో ఆయన మొహం నలుగురు పట్టుకుని కొట్టినట్టు కనిపించేది.

అన్నిటికన్నా కష్టం, ఏ రోజు ఏ జబ్బో గుర్తుంచుకోవడం. ఒక బుధవారం పొరపాటున కుంటుతూ నడిచాడు. హెడ్మాస్టారు, "మోకాలికి ఏమైంది?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచక, "మర్చిపోయానండి" అన్నాడు. ఆ వారం నుంచి ఎక్కాలు ఇరవై దాటి వెళ్ళాయి.

ఆయనకు ఒక మరదలు ఉంది, భార్య చెల్లెలు. బస్టాండులో టిక్కెట్ల కిటికీ దగ్గర ఉద్యోగం. పొద్దుట్నించి సాయంత్రం దాకా "లేవు" అనడమే పని కాబట్టి ఆవిడకు మొహమాటం అంటే ఏమిటో తెలియదు. ఒకరోజు బావని చూసిపోదామని వచ్చి, వంకాయ రంగు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. సంగతంతా విని, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని పాఠం మొదలుపెట్టింది.

"వద్దు అను బావా."

"వద్దు."

"నవ్వకుండా."

"వద్దు. ఏమీ అనుకోకు."

"ఆ రెండో ముక్క తీసెయ్."

ఆయన అద్దం ముందు నిలబడి సాధన చేశాడు. ఆదివారమంతా చేశాడు. సోమవారం దర్జీ అక్క నూనె గిన్నెతో రాగానే, ఊపిరి బిగబట్టి, "వద్దమ్మా" అన్నాడు. దర్జీ అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెనక్కి తిరిగి, "చూశారా, ఎంత మొహమాటమో" అంది. ఆ రోజు మోకాళ్ళతోపాటు నడుముకు కూడా పట్టించారు.

మన దగ్గర వద్దుకు ఉన్న బలం అంతే మరి. మొదటి వద్దు మర్యాద కింద పోతుంది. రెండో వద్దుకు మారు వడ్డిస్తారు. మూడోసారి అంటేనే ఎవరైనా చెవిన పెడతారు. ఆయనకు మూడోదాకా ఊపిరి చాలేది కాదు.

నెలాఖరు వచ్చింది. నలుగురు పెద్దలూ ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చి, హాల్లో తమ పక్కనే కూర్చోవాలని అడిగి వెళ్ళారు. పేరు చెప్పరట, పక్కన ఉంటే చాలునట. నలుగురికీ ఆయన "అలాగే" అన్నాడు. అన్నాక, నాలుగు చోట్ల ఒక మనిషి ఎలా కూర్చుంటాడని ఆలోచించి, వెళ్ళకుండా పడుకుందామనుకున్నాడు. కాని నలుగురితో అలాగే అన్నాడు కదా.

హాలుకు నాలుగు మూలలా నాలుగు సమూహాలు కూర్చున్నాయి. జోళ్ళాయన ముందు పూల తొడుగులు వేసుకుని దర్జీ అక్క పక్కన కూర్చున్నాడు. అయిదు నిమిషాలయ్యాక, దాహంగా ఉందని చెప్పి, వెనక వరండాలోంచి తిరిగి, తొడుగులు పీకి జేబుల్లో కుక్కుకుని, హెడ్మాస్టారి పక్కన తేలాడు. అక్కడ కాసేపు ఏమీ తెలియని మొహం పెట్టుకుని కూర్చుని, బాత్రూమని చెప్పి పాటల పిన్ని దగ్గరికి పోయాడు. ఆవిడ చెయ్యి పట్టుకుని దిగులుగా ఉన్నాడు. అక్కణ్ణించి పెయింటర్ దగ్గరికి. అక్కడ ఏ జబ్బూ లేదు కాబట్టి కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

ఈలోగా దర్జీ అక్క లేచి మొదలుపెట్టింది. తాము చూసుకుంటున్న పెద్దాయన పరిస్థితి తలచుకుంటే గుండె తరుక్కుపోతుందనీ, మంచం మీంచి గుమ్మందాకా నాలుగడుగులు వెయ్యడానికి నానా అవస్థా పడతాడనీ చెబుతూ, ఆయన్ని చూపులతోనైనా పలకరిద్దామని పక్కకు తిరిగింది. కుర్చీ ఖాళీగా ఉంది. అవతల వరండాలో జోళ్ళాయన, దర్జీ అక్క వంతు ముంచుకొచ్చిందని, ఆవిడ దగ్గరికి పరిగెత్తుతున్నాడు. పరిగెత్తడమంటే మామూలుగా కాదు. ఆ వదులు బూట్లు టపటపటపమని హాలంతా మోగాయి. అందరూ తలలు తిప్పారు. మూడు కిటికీల్లోంచి వరసగా ఆయన దూసుకుపోవడం కనిపించింది.

లోపలికి వచ్చి కూర్చున్నాడు. ఒక జేబులోంచి పువ్వుల తొడుగు వేలాడుతోంది.

"ఆయన మా మతిమరుపు మనిషి కదా" అన్నాడు హెడ్మాస్టారు.

కాదు, తమ ఒంటరి బాబాయ్ అంది పాటల పిన్ని. పెయింటర్, ఆ గోడలు తనవేనన్నాడు. నలుగురూ ఒకేసారి మాట్లాడి, నలుగురూ ఒకేసారి ఆగారు. ఫాదర్ గారు మెల్లగా ఆయన దగ్గరికి వచ్చి, అసలు మీకు ఏమిటి బాధ అని అడిగారు.

జోళ్ళాయన లేచి నిలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. మోకాళ్ళు బాగున్నాయనీ, ఎక్కాలన్నీ వచ్చనీ, ఆ ఆదివారం కళ్ళల్లో చుక్కలమందనీ, ఒంటరితనం ఉందిగాని అది పాటలతో పోయే రకం కాదనీ, తన భార్య ఉంటే ఇదంతా మొదటి సోమవారమే తేలిపోయేదనీ చెప్పాడు. అంత పొడుగు మాట ఆయన బతుకులో ఎప్పుడూ మాట్లాడి ఎరగడు. చివరికి, అందరూ క్షమించాలన్నాడు.

దర్జీ అక్క నడుము మీద చేతులు పెట్టుకుంది. "అంటే నెల పొడుగునా మంచి మోకాళ్ళకు నూనె రాశానా నేను?"

"మెత్తబడ్డాయమ్మా" అన్నాడు ఆయన.

ముందు నవ్వింది ఫాదర్ గారే. నవ్వి నవ్వి కళ్ళజోడు కింద పడేసుకుని, వెతుక్కుంటూ మళ్ళీ నవ్వారు. తప్పు తనదేననీ, చేతులు రెంటికీ ఒకదాని సంగతి ఒకటి తెలియకపోతే ఒకే పళ్ళెంలో నాలుగుసార్లు వడ్డిస్తాయనీ, ఇకనుంచి మాట్లాడుకుని చేద్దామనీ అన్నారు. హెడ్మాస్టారు మాత్రం నవ్వలేదు. బయటికి పోతూ జోళ్ళాయన్ని ఆపి, పందొమ్మిది పదహార్లు ఎంత అని అడిగాడు. మూడొందల నాలుగు అని వెంటనే వచ్చింది జవాబు. "దుర్మార్గుడా" అన్నాడు హెడ్మాస్టారు.

తరవాత ఆ ఇంటికి ఎవరూ రాలేదు. ఆయనకు బెంగ పట్టుకుందని చెప్పలేను, హాయిగా నిద్రపోయాడు. ఇబ్బంది వచ్చింది సమూహాలకే. పాలతో మూతి కాల్చుకున్న పిల్లి మజ్జిగ కూడా ఊదుకుని తాగుతుందన్నట్టు, ఇప్పుడు ఎవరైనా వద్దంటే చాలు, మరో మాట లేకుండా తిరిగి వచ్చేస్తున్నారు.

కొన్నాళ్ళకు దర్జీ అక్క ఆ మోకాలి తొడుగులు తీసుకుపోదామని వచ్చింది, దూది ఉత్తపుణ్యానికి పోవడమెందుకని. కోపం ఇంకా పూర్తిగా తగ్గలేదు. అయినా కూర్చుంది, కూర్చున్నాక మాట్లాడకుండా ఉండలేదు. గోడౌన్ వాచ్‌మన్ ఒకాయన స్టూలు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడట. చూద్దామని వెళితే ఆయన భార్య, మాకేం లోటు లేదమ్మా, వద్దు అని పంపేసిందట. హెడ్మాస్టారి వాళ్ళు వెళ్ళినా అదే మాట. సరే, వాళ్ళ ఇష్టం అని ఊరుకున్నారట.

జోళ్ళాయన, ఆ ఇల్లాలు తలుపు ఎంత తెరిచిందని అడిగాడు. సగం అంది దర్జీ అక్క. వద్దన్నాక వెంటనే మూసేసిందా? లేదు, పట్టుకుని నిలబడింది. మీరు మెట్లు దిగేదాకానా? దర్జీ అక్క గుర్తుచేసుకుని, అవును అంది.

"అది మొహమాటం 'వద్దు' అమ్మా, నా 'అలాగే' లాంటిదే" అన్నాడు ఆయన. "మీరు మళ్ళీ వెళ్ళాలి. కాని సాయం చేస్తామని అడక్కండి, ఆవిడ చచ్చినా సరే అనదు."

మర్నాడు ఇద్దరూ వెళ్ళారు. జోళ్ళాయన చంకలో ఒక కొత్త కుక్కరు పెట్టుకున్నాడు. తలుపు సగం తెరుచుకోగానే, "అమ్మా, మీరు నాకొక సాయం చెయ్యాలి. మా ఇంట్లో ఇవి నాలుగున్నాయి, కాలు పెట్టుకోవడానికి చోటు లేదు. ఒకటి మీ దగ్గర పెట్టుకోగలరా?" అన్నాడు. ఎదుటివాడు సాయం అడిగితే కాదనడం ఆవిడకూ చేతకాలేదు. తలుపు పూర్తిగా తెరిచింది.

లోపల అడుగుకొక బకెట్టు ఉంది. పైపు ఎప్పుడో పాడైతే, ఆవిడే కింది కుళాయి దగ్గర్నించి నీళ్ళు మోసుకొస్తోంది. ఒకే మంచం. దాని మీద వాచ్‌మన్, ఆవిడకు నేల. నిద్ర లేక ఆవిడ కళ్ళు గుంటలు పడ్డాయి. దర్జీ అక్క ఏదో అనబోతే జోళ్ళాయన కళ్ళతోనే వారించి, తమ ఇంట్లో మడత మంచాలు కూడా రెండున్నాయనీ, అవి తగిలి తాను పడిపోయేలా ఉన్నాడనీ చెప్పాడు. సాయంత్రానికి మంచం వచ్చింది. రెండ్రోజుల్లో, పైపులంటే తనకు సరదా అని చెప్పి పెయింటర్ వచ్చి బాగుచేశాడు. అందరూ ఏదో ఒక సాయం అడుగుతూనే లోపలికి వెళ్ళారు. హెడ్మాస్టారు, తనకు ఆస్పత్రికి ఒంటరిగా వెళ్ళాలంటే తోచదనీ, వాచ్‌మన్ తోడు వస్తే బాగుంటుందనీ అడిగి, ఆయన్ని చక్రాల కుర్చీలో పరీక్షలకు తీసుకెళ్ళాడు. పాటల పిన్నిని మటుకు పిలిచేదాకా ఆగమన్నారు.

జోళ్ళాయన ఏ సమూహంలో చేరాడని అడిగితే, నాలుగింటిలోనూ. నలుగురూ అడిగారు మరి.

తొలకరి వానలు పడే రోజుల్లో ఒక మధ్యాహ్నం వాళ్ళంతా అక్కడ ఉన్నప్పుడు, ఆ ఇల్లాలు కొంగు వేలికి చుట్టుకుంటూ గుమ్మంలో నిలబడింది. ఏదో చెప్పబోయి ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది.

"ఒక్కటి అడగనా? ఒక గంటసేపు ఎవరైనా ఈయన మాటలు వినండి. నేను పడుకుంటాను."

అందరూ ఒకేసారి కుర్చీలు మంచం దగ్గరికి లాక్కున్నారు. నేనంటే నేనని కాస్త తోపులాట కూడా జరిగింది. ఆవిడ లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. వాచ్‌మన్ దిండుకు ఆనుకుని, ఇన్నాళ్ళకు దొరికిన శ్రోతల్ని ఒకసారి కలియజూసి, గోడౌనుకు తాను కాపలా కాసినన్నాళ్ళూ దొంగ అనేవాడు రానే లేదనీ, కాని ఒకసారి పిల్లి వచ్చిందనీ మొదలుపెట్టాడు. పిల్లి ఏ గోడ మీంచి దూకిందో, ఆ గోడ ఎవరు కట్టారో, కట్టిన మేస్త్రీకి పెళ్ళి ఎలా కుదిరిందో చెప్పాడు. పెయింటర్ ఆవులింత మింగాడు. హెడ్మాస్టారు, పిల్లి ఏ రంగని అడిగాడు. జోళ్ళాయన, "తరవాత?" అన్నాడు.

పిల్లి ఇంకా గోడ దిగకముందే లోపలి గదిలోంచి సన్నగా గురక వినిపించింది. వాచ్‌మన్ ఆగాడు. తలుపువైపు చూశాడు. ఆ తరవాత, తన బతుకులో మొట్టమొదటిసారి, గొంతు తగ్గించి కథ సాగించాడు. వినిపించక అందరూ కుర్చీలు ఇంకాస్త ముందుకు జరుపుకున్నారు.